చిన్న ఆఫీస్‌కి నెట్‌వర్క్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు

పది నుంచి ముప్పై మంది దాకా కూర్చునే ఆఫీస్‌కి నెట్‌వర్క్ పెట్టాలి అనగానే అందరి చూపు ముందు రూటర్ మీదకే పోతుంది. బాక్స్ మీద ఏ నంబర్ పెద్దగా ఉంది, యాంటెన్నాలు ఎన్ని, రివ్యూల్లో ఎన్ని స్టార్లు వచ్చాయి, ఇవన్నీ చూసి బడ్జెట్‌లో సగం పైగా దానికే పెట్టేస్తారు. ఆ మిగిలిన దాంతో ఒక స్విచ్ (కేబుళ్లన్నిటినీ ఒకచోట కలిపే పెట్టె), ఇంకా ఏమైనా మిగిలితే కేబుల్, అదీ వైరింగ్ చేసే మనిషి ఏది తెస్తే అది. ఈ వరస మొత్తం తిరగబడాలి. రూటర్ పాతబడితే కొత్తది తెచ్చి సెట్టింగ్స్ పెట్టుకోవడం ఒక పూట పని, వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్ మార్చడం ఇంకా తేలిక. గోడలోంచి, సీలింగ్ పైనుంచి లాగిన కేబుల్ మార్చాలంటే మాత్రం సీలింగ్ పలకలు దింపాలి, పైపుల్లోంచి పాతది లాగాలి, అప్పటిదాకా ఆ డెస్కుల దగ్గర పని ఆగిపోవాలి. అందుకని ఏ వస్తువు మీద ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి పనికొచ్చే కొలత ఇది: పాడైతే దాన్ని మార్చడం ఎంత కష్టం. కష్టమైన చోట మంచిది కొనాలి, తేలికైన చోట మధ్యరకం చాలు.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని కొనేటప్పుడు ఎవరూ వేయరు. ఇరవై మంది ఆఫీస్‌లో నెట్ రెండు గంటలు ఆగితే నలభై గంటల జీతం పోయినట్టే, పైగా కస్టమర్‌కి పంపాల్సింది పంపలేకపోవడం, కాల్ మధ్యలో కట్ అయిపోవడం అదనం. ఇలాంటివి ఏడాదిలో రెండు మూడు సార్లు జరిగితే చవక స్విచ్‌కీ మంచి స్విచ్‌కీ ఉన్న తేడా ఎప్పుడో దాటిపోతుంది. అలాగని ఖరీదైనవే కొనాలని కాదు, చిన్న ఆఫీస్‌కి పనికిరాని ఫీచర్లకి డబ్బు పోసేవాళ్లు కూడా బోలెడంత మంది ఉన్నారు.

ముందు కేబుల్ సంగతి, ఎందుకంటే ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. గిగాబిట్ ఈథర్‌నెట్‌కి, అంటే సెకనుకి 1000 మెగాబిట్లు పంపే కేబుల్ నెట్‌వర్క్‌కి, రాగి కేబుల్ స్టాండర్డ్ 1999లో వచ్చింది. తర్వాత 2016లో 2.5 గిగాబిట్ స్టాండర్డ్ వచ్చినప్పుడు దాన్ని పాత క్యాట్5ఈ (క్యాట్ అంటే కేబుల్ రకాన్ని చెప్పే నంబర్) కేబుల్ మీదే 100 మీటర్ల దాకా నడిచేలా తయారుచేశారు. అంటే ఎప్పుడో సరిగ్గా వేసిన క్యాట్5ఈ ఇవాళ్టి వేగంగా నడిచే వైఫై పరికరాలకి కూడా సరిపోతోంది, కేబుల్ మంచిదైతే ఎన్నేళ్లు కలిసొస్తుందో దీన్ని బట్టే తెలుస్తుంది. కొత్తగా వేసేటప్పుడు క్యాట్6 తీసుకోవడం మంచిది, ధరలో తేడా పెద్దగా ఉండదు, 10 గిగాబిట్ కావాల్సొస్తే 55 మీటర్ల దాకా అదే లాగుతుంది. 10 గిగాబిట్ పూర్తి 100 మీటర్లు కావాలంటే క్యాట్6ఏ ఉండాలి కానీ అది లావుగా, బిరుసుగా ఉంటుంది, వంచడం కష్టం, చిన్న ఆఫీస్‌లో దాని అవసరం దాదాపు రాదు. క్యాట్7, క్యాట్8 అని ఆన్‌లైన్‌లో కనిపించే సన్నటి ఫ్లాట్ కేబుల్స్ జోలికి పోకపోతేనే మంచిది, ఆ పేరు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్నట్టు అమ్మేస్తుంటారు.

అసలు చూడాల్సింది క్యాట్ నంబర్ కాదు, లోపల ఉన్న లోహం. సీసీఏ అని ఒక రకం ఉంది, అంటే అల్యూమినియం తీగ మీద పల్చటి రాగి పూత. చూడ్డానికి అచ్చం రాగిలాగే ఉంటుంది, పెట్టె మీద క్యాట్6 అనే రాసుంటుంది, ధర బాగా తక్కువ. కేబులింగ్ స్టాండర్డ్స్ దీన్ని ఒప్పుకోవు. రాగి కంటే దీని రెసిస్టెన్స్ దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది కాబట్టి పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమవుతుంది, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే పరికరానికి కరెంట్ ఇచ్చే పద్ధతి) ద్వారా కరెంట్ పంపితే కేబుల్ వేడెక్కుతుంది, కట్టలు కట్టలుగా బిగించి ఉన్న చోట ఆ వేడి ఇంకా పెరుగుతుంది. అన్నిటికంటే ఇబ్బంది ఏంటంటే అల్యూమినియం పెళుసు, రెండు మూడు సార్లు వంగితే లోపల తెగుతుంది, బయటికి ఏమీ కనపడదు.

దీన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఒక ముక్క కోసి లోపలి తీగని బ్లేడుతో గీకితే రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది, సీసీఏ అయితే పూత పోయి తెల్లగా వెండి రంగు బయటపడుతుంది. బరువు పట్టి చూసినా తెలుస్తుంది, 305 మీటర్ల పెట్టె రాగిదైతే ఎత్తేటప్పుడు చేతికి తేడా తెలిసిపోతుంది. వైరింగ్ కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడే బిల్లు మీద పూర్తి రాగి అని రాయించుకోవడం, పని మొదలయ్యే ముందు ఒక ముక్క గీకి చూడటం, ఈ రెండూ చేస్తే చాలు.

తెగిన తీగ ఎలా బాధపెడుతుందో కూడా తెలిసి ఉండాలి. గిగాబిట్‌కి కేబుల్‌లోని తీగల జతలు నాలుగూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. ఒక జత తెగితే కనెక్షన్ పూర్తిగా పోకుండా చాలాసార్లు 100కి పడిపోయి నడుస్తూనే ఉంటుంది. ఆ సీట్లో కూర్చునే మనిషి నా సిస్టం స్లో అని చెప్తూనే ఉంటారు, కంప్యూటర్‌ని ఫార్మాట్ చేస్తారు, ర్యామ్ పెంచుతారు, స్విచ్ పోర్ట్ దగ్గర లైట్ రంగు మాత్రం ఎవరూ చూడరు. చాలా స్విచ్‌ల్లో గిగాబిట్‌కి ఒక రంగు, 100కి ఇంకో రంగు వెలుగుతుంది, ఏది ఏంటో మాన్యువల్‌లో ఒక లైన్‌లో ఉంటుంది.

గోడలోపల వేసేది గట్టి ఒంటి తీగ కేబుల్ అయ్యుండాలి, డెస్క్ దగ్గర కదిలే చోట వాడేది సన్న తీగల ప్యాచ్ కార్డ్ (రెండు చివరా ప్లగ్ ఉన్న పొట్టి కేబుల్) అయ్యుండాలి. గోడ కేబుల్ చివర నేరుగా ప్లగ్ క్రింప్ చేసి కంప్యూటర్‌కి గుచ్చేస్తే కొన్నాళ్లకి కదిలి కదిలి కాంటాక్ట్ పోతుంది. గోడ దగ్గర సాకెట్, రాక్ (స్విచ్‌లు బిగించే స్టాండ్) దగ్గర ప్యాచ్ ప్యానెల్ (గోడ కేబుళ్ల చివర్లు బిగించే సాకెట్ల పలక), మధ్యలో రెడీమేడ్ ప్యాచ్ కార్డులు పెడితే పాడయ్యేది ఎప్పుడూ చవకైన కార్డే అవుతుంది. 100 మీటర్ల లెక్క కూడా ఇలాగే వేస్తారు, గోడలో 90, రెండు వైపులా కార్డులకి 10. ఒక కేబుల్ లాగే చోట రెండు లాగించుకోవాలి, కూలీలో ఎక్కువ భాగం దారి చేయడానికే పోతుంది కాబట్టి రెండో కేబుల్‌కి పడే అదనపు ఖర్చు తక్కువ. యాక్సెస్ పాయింట్లు, కెమెరాలు వచ్చే చోటికి సీలింగ్‌లోకి కూడా ఇప్పుడే వేయించేయాలి.

స్విచ్ దగ్గరికొస్తే, గిగాబిట్ వరకు ఇవాళ దొరికే స్విచ్‌లన్నిటి వేగం ఇంచుమించు ఒకటే. 8 పోర్టుల గిగాబిట్ స్విచ్ అంటే 16 జీబీపీఎస్ స్విచింగ్ కెపాసిటీ అని రాస్తారు, అది అన్ని పోర్టులూ రెండు వైపులా ఫుల్‌గా నడిస్తే వచ్చే లెక్క, చవకవాటిలో కూడా అది ఉంటుంది. కాబట్టి వేగం చూసి ఎంచుకోవడం అనవసరం. చూడాల్సినవి వేరే: ఫ్యాన్ లేకపోవడం, లోహపు బాడీ, పవర్ అడాప్టర్ బయట ఉందా లోపల ఉందా, ఎన్నేళ్ల వారంటీ, అన్నిటికంటే ముఖ్యంగా మేనేజ్డా (లోపలి సెట్టింగ్స్ మార్చుకునే వీలున్నదా) కాదా.

ఈ మేనేజ్డ్ అనే మాట చూసి చిన్న ఆఫీస్‌కి ఎందుకులే అని చాలామంది వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. పూర్తి మేనేజ్డ్ స్విచ్ నిజంగానే అక్కర్లేదు, స్మార్ట్ అనో వెబ్ మేనేజ్డ్ అనో మధ్యలో ఒక రకం ఉంటుంది, మామూలు స్విచ్ కంటే కాస్త ఎక్కువ ధర. దాని విలువ ఎప్పుడు తెలుస్తుందంటే, మీటింగ్ రూమ్‌లో వేలాడుతున్న కేబుల్ చివర చూసి ఎవరో మంచి ఉద్దేశంతోనే దాన్ని పక్కనున్న ఖాళీ సాకెట్‌లో గుచ్చుతారు, ఆ రెండు చివర్లూ ఒకే స్విచ్‌కి పోతున్నాయి. మామూలు స్విచ్ అయితే బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు (అందరికీ ఒకేసారి పంపే డేటా ముక్కలు) ఆ రింగులో ఆగకుండా తిరిగి తిరిగి కొన్ని సెకన్లలో ఆఫీస్ మొత్తాన్ని స్తంభింపజేస్తాయి. అన్ని లైట్లూ ఒకేసారి పిచ్చిగా మినుకుతాయి, ఇంటర్‌నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే మా లైన్ బాగానే ఉందంటారు, ఎవరికీ ఏమీ అర్థంకాదు. ఇలాంటి రింగుని పసిగట్టే లూప్ డిటెక్షన్ గానీ స్పానింగ్ ట్రీ గానీ ఆన్ చేసి ఉన్న స్విచ్ ఆ ఒక్క పోర్ట్‌ని ఆపేస్తుంది, మిగతా ఆఫీస్‌కి విషయం తెలియను కూడా తెలియదు.

అలాంటిదే ఇంకొకటి, ఎవరో ఇంటి నుంచి పాత వైఫై రూటర్ తెచ్చి దాని ల్యాన్ పోర్ట్‌ని ఆఫీస్ సాకెట్‌కి కలిపేయడం. ఆ రూటర్ కూడా డీహెచ్‌సీపీ (ప్రతి పరికరానికి నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చే పద్ధతి) అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది, కొందరికి సరైన అడ్రస్, కొందరికి తప్పు అడ్రస్ వస్తుంది, అందుకని సగం మందికి నెట్ ఉండి సగం మందికి ఉండదు, రీస్టార్ట్ చేస్తే మారిపోతుంటుంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉన్న స్విచ్ దీన్ని అడ్డుకుంటుంది. వీలాన్ (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్కులుగా విడదీయడం) సంగతీ అంతే, గెస్టుల ఫోన్లు, కెమెరాలు ఒక పక్క, అకౌంట్స్ కంప్యూటర్లు ఇంకో పక్క ఉండాలంటే స్విచ్‌కి 802.1క్యూ వీలాన్ తెలిసి ఉండాలి. ఈ మూడింటి కోసం ఆ కాస్త ఎక్కువ పెట్టడం వృథా కాదు.

పీఓఈ స్విచ్ కొనేటప్పుడు పోర్టులు ఎన్ని అని మాత్రమే చూస్తారు, చూడాల్సింది మొత్తం పవర్ బడ్జెట్. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ స్టాండర్డ్ ప్రకారం స్విచ్ ఒక పోర్ట్ నుంచి 15.4 వాట్లు ఇస్తుంది, కేబుల్‌లో పోయేది పోగా పరికరానికి 12.95 దక్కుతాయి. 2009 నాటి 802.3ఏటీ, అదే పీఓఈ ప్లస్, 30 వాట్లు ఇచ్చి 25.5 చేరుస్తుంది. 2018లో వచ్చిన 802.3బీటీ 60, 90 వాట్ల దాకా పోతుంది కానీ చిన్న ఆఫీస్‌లో దానితో పని తక్కువ. ఇప్పుడు 8 పోర్టుల స్విచ్ ఒకటి, బడ్జెట్ 62 వాట్లు అనుకుందాం. మూడు యాక్సెస్ పాయింట్లు 13 వాట్ల చొప్పున 39, మూడు కెమెరాలు పగటిపూట 5 చొప్పున 15, కలిపి 54, బాగానే ఉంది. చీకటి పడగానే కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, ఒక్కోటి 9 వాట్లకి పోతుంది, మొత్తం 66. స్విచ్ ఏదో ఒక పోర్ట్ ఆపేస్తుంది, పొద్దున వచ్చి చూస్తే మళ్లీ అన్నీ నడుస్తుంటాయి. ఇలాంటి సమస్యకి కెమెరా మార్చినా కేబుల్ మార్చినా లాభం ఉండదు, లెక్క ముందే వేసుకుని పాతిక ముప్పై శాతం మిగులు ఉండేలా కొనడమే దారి. ఇంకో జాగ్రత్త, ప్యాసివ్ పీఓఈ అని కొన్ని వస్తువులతో 24 వోల్టుల ఇంజెక్టర్ (కేబుల్‌లోకి కరెంట్ ఎక్కించే చిన్న పెట్టె) వస్తుంది, అది అవతల ఏముందో అడక్కుండా కరెంట్ తోసేస్తుంది, దాన్ని తెలియక వేరే పరికరానికి గుచ్చితే ఆ పోర్ట్ కాలిపోవచ్చు. స్టాండర్డ్ పీఓఈ అయితే ముందు అడిగి, అవతలి పరికరం సరైన జవాబిచ్చాకే ఇస్తుంది.

రూటర్ విషయంలో బాక్స్ మీద రాసే వేగం, నిజంగా వచ్చే వేగం వేరువేరు. మామూలుగా ప్యాకెట్లని అటూ ఇటూ పంపే పని చిప్‌లోని హార్డ్‌వేర్ చూసుకుంటుంది కాబట్టి చవక రూటర్ కూడా గిగాబిట్ చూపిస్తుంది. ట్రాఫిక్ షేపింగ్ (డేటా ఎంత వేగంగా పోవాలో అదుపు చేయడం) ఆన్ చేసినా, దాడుల్ని పసిగట్టే ఐపీఎస్ ఆన్ చేసినా, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌కి వచ్చే రక్షణ ఉన్న దారి) పెట్టినా ఆ షార్ట్‌కట్ పనిచేయదు, పని మొత్తం చిన్న ప్రాసెసర్ మీద పడుతుంది, వేగం మూడో వంతుకి, ఇంకా కిందకి కూడా పడిపోవచ్చు. కాబట్టి డేటాషీట్‌లో చూడాల్సింది పైన పెద్దక్షరాల్లో ఉన్న నంబర్ కాదు, కింద విడిగా రాసే ఐపీఎస్ త్రూపుట్, వీపీఎన్ త్రూపుట్ (ఆ పని చేస్తూ వచ్చే వేగం). అవి అసలు రాయలేదంటే ఆ పని దానితో చేయించుకోవద్దు. బయటి నుంచి ఆఫీస్‌కి కనెక్ట్ అయ్యేవాళ్లు ఉంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతిని సపోర్ట్ చేసే రూటర్ తీసుకోవడం మేలు, అదే ప్రాసెసర్ మీద ఓపెన్‌వీపీఎన్ కంటే చాలా వేగంగా నడుస్తుంది.

ట్రాఫిక్ షేపింగ్ ఎందుకు అంటే, ఒకరు పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తుంటే అందరి వీడియో కాల్స్ ఆగిపోవడం అనే జబ్బుకి మందు అదే. లైన్ వేగం తక్కువై అలా జరుగుతోందనుకుని ప్లాన్ పెంచుతారు, అసలు కారణం రూటర్‌లోనో మోడెమ్‌లోనో పంపాల్సిన డేటా క్యూ పొడవైపోవడం, దాన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే క్యూ పద్ధతులు ఉన్న రూటర్‌లో అప్‌లోడ్ పరిమితిని లైన్ వేగం కంటే ఐదు పది శాతం తక్కువ పెడితే చాలావరకు తగ్గిపోతుంది, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, మైక్రోటిక్, ఓపీఎన్‌సెన్స్ లాంటి రూటర్లు, రూటర్ సాఫ్ట్‌వేర్లలో వీటిలో కనీసం ఒకటి దొరుకుతుంది. ప్లాన్ పెంచే ముందు ఇది చేసి చూడాలి.

రెండు ఇంటర్‌నెట్ లైన్లు తీసుకుని ఒకటి పోతే ఇంకోటి అందుకునేలా పెట్టడం చిన్న ఆఫీస్ చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి, దానికి రూటర్‌లో డ్యూయల్ వ్యాన్ (రెండు ఇంటర్‌నెట్ లైన్లు కలిపే వీలు) ఉండాలి. అయితే రెండు లైన్లూ ఒకే స్తంభం మీదుగా, ఒకే పైపులో వస్తే ఒక్క గొయ్యి తవ్వితే రెండూ పోతాయి, ఒకటి ఫైబర్ అయితే రెండోది మొబైల్ డేటా అయ్యుండటం నయం. ఇంకో విషయం, ఇంటర్‌నెట్ కంపెనీ ఇచ్చే పెట్టె కూడా ఒక రూటరే కాబట్టి దాని వెనక మన రూటర్ పెడితే అడ్రస్ మార్పిడి రెండుసార్లు జరుగుతుంది, బయటినుంచి వచ్చే వీపీఎన్‌కి, కొన్ని ఇంటర్‌నెట్ ఫోన్లకి అది ఇబ్బంది. ఆ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో (తను రూటర్ పని చేయకుండా లైన్‌ని అలాగే ముందుకి ఇచ్చే పద్ధతి) పెట్టమని అడిగి పెట్టించుకోవాలి.

రూటర్ ఎంచుకోవడంలో నిర్ణయం తీసుకోవాల్సింది వేగం మీద కాదు, అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయనే దాని మీద. బయటి ప్రపంచానికి నేరుగా ముఖం పెట్టి ఉండే పరికరం ఇదొక్కటే. 2018 మేలో సిస్కో కంపెనీ భద్రతా విభాగం టాలోస్ పరిశోధకులు వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) గురించి బయటపెట్టినప్పుడు కనీసం 54 దేశాల్లో 5 లక్షల పరికరాలకి అది సోకిందని లెక్క తేల్చారు, వాటిలో ఎక్కువ భాగం ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉండే రూటర్లే. 2024 జనవరిలో అమెరికా న్యాయశాఖ కేవీ బాట్‌నెట్‌ని (దాడి చేసేవాళ్లు తమ అదుపులోకి తెచ్చుకున్న పరికరాల గుంపు) దెబ్బతీశామని ప్రకటించింది, అందులో వందల చిన్న ఆఫీస్ రూటర్లు ఉన్నాయి, ఎక్కువ శాతం సిస్కో, నెట్‌గేర్ పాత మోడళ్లు, తయారీదారులు అప్‌డేట్లు ఆపేసినవి. వాటి సొంతదారుల్లో ఎవరికైనా నెట్ ఆగి ఉంటే అనుమానం వచ్చేదేమో, అవి మామూలుగా నడుస్తూనే ఇంకొకరి దాడికి దారి ఇచ్చాయి. పాతదైనా బాగా నడుస్తోంది కదా అనే వాదన రూటర్‌కి పనికిరాదు. స్విచ్‌కైతే కొంతవరకు పనికొస్తుంది.

ఎన్నేళ్లు సపోర్ట్ ఇస్తారో కొనే ముందే తెలుసుకోవడం ఇప్పుడు కాస్త సులువైంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం వినియోగదారులకి అమ్మే నెట్ పరికరాలకి అన్నిటికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఉండకూడదు, భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కూడా చెప్పాలి. అక్కడ అమ్మే కంపెనీలు ఆ తేదీలు తమ సైట్లలో పెడుతున్నాయి, వేరే దేశంలో కొనేవాళ్లు కూడా అదే మోడల్‌కి అవి వెతుక్కుని చూసుకోవచ్చు. అది దొరక్కపోతే సపోర్ట్ పేజీలో చివరి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఎప్పుడు వచ్చిందో చూడాలి, ఏడాదిన్నర దాటితే ఆ మోడల్ వదిలేయడం మంచిది. మోడల్ పేరు చివర వీ2, వీ3 అని ఉండే హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూడాలి, ఒకే పేరుతో వేరే చిప్ పెట్టి అమ్ముతారు, అప్‌డేట్లు ఒకదానికి వచ్చి ఇంకోదానికి రాకపోవచ్చు.

వైఫైలో నంబర్ల గందరగోళం ఎక్కువ. బాక్స్ మీద ఉండే ఏఎక్స్3000 అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 574 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్‌లో 2402, రెండూ కలిపి దగ్గరికి సవరించిన అంకె. ఏ ల్యాప్‌టాప్ కూడా మామూలుగా రెండు బ్యాండ్లనీ కలిపి వాడదు, పైగా ఆ 2402 రావాలంటే 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్ కావాలి, చుట్టుపక్కల నెట్‌వర్కులు ఉన్న ఆఫీస్ బిల్డింగ్‌లో అంత ఖాళీ దొరకదు. 80 మెగాహెర్ట్జ్‌లో రెండు యాంటెన్నాల ల్యాప్‌టాప్‌కి లింక్ 1201 చూపిస్తుంది, అందులో దగ్గర్లో కూర్చుంటే చేతికొచ్చేది 600 నుంచి 800, అదీ గాల్లో ఇంకెవరూ లేనప్పుడు. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఎవరో ఒకరే మాట్లాడాలి, ఒకే మైకుతో పదిమంది వంతులవారీగా మాట్లాడినట్టు. అందుకే ఒకే పెద్ద రూటర్ పెట్టి ఆఫీస్ మొత్తం కవర్ చేయడం కంటే మధ్యరకం యాక్సెస్ పాయింట్లు రెండో మూడో, పవర్ తగ్గించి, వేర్వేరు ఛానళ్లలో పెట్టడం ఎప్పుడూ మెరుగు. దూరంగా ఉన్న ఫోన్ ఒకటి నెమ్మదిగా మాట్లాడుతూ ఉంటే దగ్గరున్నవాళ్ల సమయం కూడా అదే తినేస్తుంది.

యాంటెన్నా పవర్ ఎక్కువ పెడితే దూరం పోతుంది అనుకుంటారు, యాక్సెస్ పాయింట్ మాట ఫోన్‌కి వినపడుతుంది కానీ ఫోన్‌కి అంత శక్తి ఉండదు కాబట్టి దాని మాట ఇటు వినపడదు. ఫోన్‌లో వైఫై గుర్తు మీద అన్ని గీతలూ ఉంటాయి, పేజీ తెరుచుకోదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు 1, 6, 11 మూడే, అక్కడ ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మించకూడదు, దాన్ని ప్రింటర్ల లాంటి పాత వస్తువులకి వదిలేసి మిగతావన్నీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకోవాలి. యాక్సెస్ పాయింట్‌ని సీలింగ్‌కి, గది మధ్యలో బిగించాలి, బీరువా పైనో రాక్ లోపలో పెడితే ఎంత ఖరీదైందైనా దండగ.

వైఫై 7 కొనాలా అంటే, సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది, వస్తువులు బాగానే ఉన్నాయి కానీ లాభం రావాలంటే ఆఫీస్‌లోని ల్యాప్‌టాప్‌లు కూడా ఆ తరానివి అయ్యుండాలి. ఇప్పుడున్న మామూలు ఆఫీస్ పనికి వైఫై 6 సరిపోతుంది, ఆ తేడా డబ్బుతో ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టుకుంటే అందరికీ కనిపించే తేడా వస్తుంది. మెష్ అని అమ్మేవి (ఒకదాని నుంచి ఒకటి వైర్ లేకుండా సిగ్నల్ అందుకునే పెట్టెలు) ఇంటికి సౌకర్యంగా ఉంటాయి. ఒకే రేడియో మీద వైర్ లేకుండా ముందుకి పంపితే ప్రతి మజిలీకి వేగం దాదాపు సగమైపోతుంది కాబట్టి కేబుల్ లాగగలిగే ఆఫీస్‌లో వాటికి పని లేదు.

బ్రాండ్ల మాటకొస్తే, యూబిక్విటీ యూనిఫై, టీపీ లింక్ ఒమాడా ఈ సైజు ఆఫీస్‌కి సరిగ్గా సరిపోయే రెండు పరికరాల కుటుంబాలు. రెండిటికీ ఏటా కట్టాల్సిన లైసెన్స్ లేకుండా సొంతంగా కంట్రోలర్ (అన్ని పరికరాల సెట్టింగ్స్ ఒకచోట చూసుకునే సాఫ్ట్‌వేర్) నడుపుకోవచ్చు, కంట్రోలర్ ఆగిపోయినా యాక్సెస్ పాయింట్లు చివరి సెట్టింగ్స్‌తో నడుస్తూనే ఉంటాయి. మైక్రోటిక్ తక్కువ ధరకి చాలా చేస్తుంది, కానీ తెలిసిన మనిషి ఉండాలి, తెలియకుండా మేనేజ్‌మెంట్ పోర్ట్ బయటికి తెరిచి పెడితే ప్రమాదం. సిస్కో మెరాకీ లాంటివి చూసుకోవడానికి చాలా సులువు, అయితే లైసెన్స్ గడువు దాటి పొడిగింపు కూడా అయిపోతే మామూలు లైసెన్స్ పద్ధతిలో పరికరం పనిచేయడమే మానేస్తుంది, కాబట్టి ధరతో పాటు ఐదేళ్ల లైసెన్స్ కలిపి లెక్కేయాలి. వీటన్నిటి మధ్య తేల్చేది చివరికి ఒక ప్రశ్న: ఆఫీస్‌కి వచ్చి చూసే మనిషికి ఏది బాగా తెలుసు. బాగా తెలిసిన మధ్యరకం పరికరం, తెలియని గొప్ప పరికరం కంటే నమ్మకంగా నడుస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కంపెనీల స్విచ్‌లు దొరుకుతాయి, ధర చూస్తే ఆశ పుడుతుంది. ఫ్యాన్ మోత పక్కన కూర్చోలేనంత ఉంటుంది, ఖాళీగా ఉన్నా 50 వాట్లు తాగేది ఏడాదికి 438 యూనిట్లు లాగుతుంది, 8 వాట్ల ఫ్యాన్‌లెస్ స్విచ్‌కి 70 చాలు. వేరే గదిలో రాక్ ఉండి, ఆ మోడల్‌కి ఇంకా ఫర్మ్‌వేర్ వస్తుంటే పర్వాలేదు. రూటర్, ఫైర్‌వాల్ (బయటి దాడుల్ని అడ్డుకునే పెట్టె) మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వద్దు.

కరెంట్ గురించి. చిన్న పరికరాల్లో ముందు పోయేది చాలాసార్లు పవర్ అడాప్టరే, కెపాసిటర్లు ఎండిపోయి వోల్టేజ్ ఊగుతుంటే రూటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటుంది, రూటరే పోయిందని కొత్తది కొనేస్తారు. అదే వోల్టేజ్, అంతే లేదా ఎక్కువ ఆంప్స్, అదే పిన్ ధ్రువత ఉన్న అడాప్టర్ మార్చి చూడాలి. పీఓఈ స్విచ్ వాడటంలో ఉన్న పెద్ద సుఖం ఏంటంటే యాక్సెస్ పాయింట్లు, ఫోన్లు, కెమెరాలు అన్నీ ఒకే చోటి నుంచి కరెంట్ తీసుకుంటాయి కాబట్టి ఒక్క యూపీఎస్ పెడితే అన్నీ నిలుస్తాయి. ఇంటర్‌నెట్ కంపెనీ పెట్టె కూడా ఆ యూపీఎస్ మీదే ఉండాలి, దాన్ని మర్చిపోతే మిగతావన్నీ వెలుగుతూ నెట్ ఉండదు. రెండు బిల్డింగులని కలపాలంటే బయటి నుంచి రాగి కేబుల్ వేయకూడదు, పిడుగు పడినప్పుడు, రెండు చోట్ల ఎర్తింగ్ తేడా ఉన్నప్పుడు ఆ కేబుల్ వెంటే వచ్చి రెండు వైపులా స్విచ్‌ల్ని కాల్చేస్తుంది. ఫైబర్ వేసి రెండు చివరా ఎస్ఎఫ్‌పీ పోర్ట్ (ఫైబర్ కలిపే పోర్ట్) ఉన్న స్విచ్‌లు పెట్టుకుంటే ఆ భయమే ఉండదు.

స్విచ్ ఒకటి, అడాప్టర్లు ఒకటి రెండు, ప్యాచ్ కార్డులు కొన్ని బీరువాలో స్పేర్‌గా ఉంచుకోవడం ఖరీదైన సపోర్ట్ ఒప్పందం కంటే చవక. రూటర్ కాన్ఫిగ్ బ్యాకప్ ఫైల్, ఏ సాకెట్ ఏ పోర్ట్‌కి పోతుందో రాసిన కాగితం కూడా వాటి పక్కనే ఉండాలి.

అన్నీ బిగించాక, తిరిగిచ్చే గడువు దాటకముందే పరీక్ష పెట్టాలి. ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌ని రెండు కంప్యూటర్లలో వేసుకుని ప్రతి సాకెట్ నుంచి నడిపితే మంచి గిగాబిట్ లైన్ మీద 940 ఎంబీపీఎస్ దగ్గర రావాలి, 94 వచ్చిందంటే ఆ కేబుల్‌లో ఒక జత పోయినట్టే. ఆ తర్వాత పనివేళల్లోనే మెయిన్ ఇంటర్‌నెట్ లైన్ పీకి చూడాలి, రెండోది ఎంతసేపట్లో అందుకుంటుందో, వీడియో కాల్ నిలబడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. యూపీఎస్ ప్లగ్ కూడా ఒకసారి తీసి చూడాలి. వారం తర్వాత స్విచ్ వెబ్ పేజీలో ప్రతి పోర్ట్ దగ్గర సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిపోయిన డేటా ముక్కల) లెక్క చూడాలి. సున్నా ఉంటే సరే, ఏదైనా పోర్ట్‌లో ఆ అంకె రోజురోజుకీ పెరుగుతుంటే ముందు ప్యాచ్ కార్డ్ మార్చాలి, అయినా ఆగకపోతే గోడ సాకెట్ విప్పి తీగల్ని మళ్లీ పంచ్ చేయించాలి (నొక్కి బిగించడం), కాంట్రాక్టర్‌కి చివరి బిల్లు కట్టేది అది ఆగాకే.